వనపర్తి రోడ్ స్టేషన్‌ను కొలవడానికి వెళ్ళాం

మా వైపు ఒకప్పుడు నడిచిన మీటర్ గేజ్ రైలు లైనును నిజం కొలతలో 87వ వంతుకు తగ్గించి, చిన్న బండ్లు నడిచే మోడల్‌గా మా ఇంట్లో కట్టాలనుకున్నాను. ఇట్లాంటి మోడల్‌ను లేఅవుట్ అంటారు. బ్రాడ్ గేజ్ స్టేషన్లలో ఒక బండి పక్కకు ఆగి ఇంకో బండికి దారి ఇచ్చే లూప్ లైన్‌కు చాలాకాలం ప్రమాణంగా పెట్టుకున్న నిడివి 686 మీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 7.9 మీటర్ల దాకా వస్తుంది. మహబూబ్‌నగర్‌లో మా ఇంటి పైగదిలో పొడుగాటి గోడ నాలుగు మీటర్లకు కొంచెం ఎక్కువ. పాత మీటర్ గేజ్ లూపులు ఇంతకన్నా పొట్టివే, అయినా ఒక స్టేషన్‌ను ఉన్నదున్నట్టు ఆ గోడ వారగా పెట్టడం కుదరదు. మహబూబ్‌నగర్ నుంచి గద్వాల దాకా మొత్తం లైను కావాలంటే మాట్లాడే పనే లేదు. 70 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని 87 వంతులు చేసినా 800 మీటర్లు దాటుతుంది, అంటే మా కాలనీ అంతా పట్టాలు పరచాలి.

కాబట్టి ఏదో ఒకటి వదిలేయాలి. ఏది వదిలేయాలన్నది ఇంట్లో కూర్చుని ఫోటోలు చూస్తే తేలదని నాకు గట్టిగా అనిపించింది. అందుకే మా అక్క కొడుకును వెంటబెట్టుకుని పొద్దున ప్యాసింజర్ ఎక్కాను. వాడు ఎలక్ట్రానిక్స్ చదివాడు. వైరింగ్, మోటర్లు, ప్రోగ్రామింగ్ వాడి వంతు. వడ్రంగం, మట్టి, రంగులు నా వంతు.

నేను కట్టాలనుకున్నది ఇప్పటి లైను కాదు, మీటర్ గేజ్ రోజులది. నిజాం కాలంలో 1916లో కాచిగూడ స్టేషన్ కట్టిన రోజుల్లోనే ఈ లైను పాలమూరు వైపు వచ్చింది, తర్వాత గద్వాల మీదుగా కర్నూలు దాటి ద్రోణాచలం దాకా పోయింది. పట్టాల మధ్య సరిగ్గా ఒక మీటర్ దూరం. 1992లో యూనిగేజ్ పథకం మొదలయ్యాక ఆ దశాబ్దంలోనే చిన్న పట్టాలు తీసేసి పెద్ద పట్టాలు వేశారు. ఆ చిన్న బండ్లలో ప్రయాణం చేసినవాళ్ళు మా జిల్లాలో ఇంకా వేలమంది ఉన్నారు, కానీ వాళ్ళ తర్వాతివాళ్ళకు చూపించడానికి కళ్ళ ముందు ఏమీ మిగల్లేదు. నాకు దాని మీద ఇంత పట్టుదల అందుకే.

1:87 కొలతలో ఒక మీటర్ అంటే పదకొండున్నర మిల్లీమీటర్లు. స్విట్జర్లాండ్ కొండల్లో తిరిగే మీటర్ గేజ్ బండ్ల మోడళ్ళ కోసం యూరప్‌లో 12 మిల్లీమీటర్ల పట్టాలు తయారుచేస్తారు. మనకు అవే సరిపోతాయి. ఇంజన్లు మాత్రం మనమే చేసుకోవాలి. ఆ స్విస్ బండ్ల చాసిస్ కొని, మీద వైడీఎం-4 డీజిల్ ఇంజన్ బాడీని త్రీడీ ప్రింట్ తీసి కూర్చోబెట్టాం. వైపీ రకం ఆవిరి ఇంజన్ ఇంకా కాగితాల మీదే ఉంది.

ప్యాసింజర్ బయల్దేరగానే మావాడు ఫోన్‌ను కిటికీ చువ్వలకు కట్టి వీడియో పెట్టాడు. నేను నోట్‌బుక్ తీశాను. మన్యంకొండ దాటింది. దేవరకద్రలో కొత్త లైను కుడివైపుకు విడిపోతుంది. అది 2023లో కృష్ణ స్టేషన్ దాకా పూర్తయింది. మా లేఅవుట్ కాలానికి అది లేదు, పైన కరెంటు తీగలూ లేవు. కనిపించే స్తంభాలన్నీ మనసులోనే తీసేసుకుంటూ చూడాలి. మొదట్లో కష్టంగా ఉంటుంది, కౌకుంట్ల వచ్చేసరికి అలవాటైపోయింది.

దారి పొడుగునా నేను వెతికింది గుట్టల కోసం. దానికి కారణముంది. నిజం లైన్లో మలుపు చాలా మెల్లగా తిరుగుతుంది. ఒక డిగ్రీ మలుపు అంటే 1750 మీటర్ల వ్యాసార్థం, మన కొలతలో అది 20 మీటర్లు. మా గదిలో 60 సెంటీమీటర్లకు మించి ఇవ్వలేం. అంత బిగువు మలుపులో బండి పోతుంటే ఎంత బాగా కట్టినా బొమ్మ బండే అని తెలిసిపోతుంది. కాబట్టి మలుపు కనబడకూడదు, దాని ముందు ఏదో అడ్డం రావాలి. ఏ గుట్టో ఒకటి పెడితే అది ఎక్కడిదో అవుతుంది, పాలమూరుది కాదు.

కురుమూర్తి స్టేషన్ దగ్గర ఆ గుట్టలు చూడగానే నాకు ఎడమ చివర ఏం పెట్టాలో తేలిపోయింది. దీపావళి తర్వాత ఇక్కడ కురుమూర్తి స్వామి జాతర. ఉద్దాల ఉత్సవానికి జనం కిక్కిరిసిపోతారు. గుండ్రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ గుట్టలను మావాడు పది రకాలుగా ఫోటోలు తీశాడు. నేను రంగులు రాసుకున్నాను. దూరం నుంచి బూడిద రంగు అనుకుంటాం. దగ్గరికొస్తే గులాబీ ఛాయ ఉంది, వాన నీళ్ళు జారినచోట నల్లటి చారలున్నాయి. గుట్ట స్టేషన్‌కు ఆనుకుని ఉండదు, మా లేఅవుట్‌లో ఉంటుంది. అంతమాత్రం జరుపుకోవడంలో తప్పు లేదనే నా అభిప్రాయం. ఊళ్ళ వరస మారకపోతే చాలు.

వనపర్తి రోడ్‌లో దిగాం. ఊరు మదనాపురం, వనపర్తి పట్టణం ఇక్కణ్ణుంచి చాలా దూరం. స్టేషన్ మాస్టర్ గారి దగ్గరికి పోయి సంగతి చెప్పాం. ప్లాట్‌ఫాం మీద నుంచి కొలుచుకోండి, పట్టాల మీదికి దిగొద్దు అన్నారు. దిగాల్సిన అవసరం కూడా లేదు. మెయిన్ లైన్లో పట్టాల కింద అడ్డంగా కిలోమీటరుకు మామూలుగా 1660 స్లీపర్లు పరుస్తారు, అంటే స్లీపర్‌కు స్లీపర్‌కు మధ్య 60 సెంటీమీటర్లు. ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తూ స్లీపర్లు లెక్కపెట్టుకుంటే టేపు లేకుండానే నిడివి వస్తుంది. మావాడు ఒక వైపు నుంచి, నేను ఇంకో వైపు నుంచి మొదలుపెట్టాం.

వేపచెట్టు కింద కూర్చున్న ఒక పెద్దాయన మమ్మల్ని చాలాసేపు చూసి పిలిచాడు.

“ఏం లెక్కవెడుతున్నరు బిడ్డా? కాంట్రాక్టు పనా?”

“కాదు పెద్దయ్యా. ఈ స్టేషన్ మీటర్ గేజ్‌లో ఎట్లుండెనో అట్ల చిన్నగ కడుతున్నం, ఇంట్ల. బండ్లు నడిచేటట్టు.”

“నడిచేటట్టా?” అని లేచి నిలబడ్డాడు. ఆయన ఈ లైన్లోనే, బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్ళించే పాయింట్లు చూసుకునే పాయింట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత మేం కొలవడం పక్కనపెట్టి వినడమే పని.

ఒకే లైను మీద ఎదురెదురు బండ్లు గుద్దుకోకుండా అప్పట్లో టోకెన్ ఉండేది. ప్రతి స్టేషన్లో ఒక మిషన్, అందులో ఇనుప గుండ్లు. అవతలి స్టేషన్ మాస్టర్ ఒప్పుకుని తన మిషన్ మీట నొక్కితేనే ఇవతల ఒక గుండు బయటికొస్తుంది. అది బయట ఉన్నంతసేపు రెండో గుండు ఏ వైపూ రాదు. ఆ గుండును తోలు సంచిలో వేసి, సంచిని బెత్తం రింగుకు కట్టి డ్రైవర్‌కు ఇస్తారు. ఇదంతా నేను చదివిందే. కానీ ఆగకుండా పోయే బండికి రింగు అందించేటప్పుడు ఎట్లా నిలబడాలో, చెయ్యి ఎంత ఎత్తులో పెట్టాలో, రాత్రిపూట పక్కన కాగడా ఎక్కడ పట్టాలో ఆయన ప్లాట్‌ఫాం అంచున నిలబడి చేసి చూపించాడు. మావాడు దాన్ని వీడియో తీశాడు. మా లేఅవుట్‌లో రెండు సెంటీమీటర్ల మనిషి బొమ్మ ఇప్పుడు సరిగ్గా అట్లాగే నిలబడి ఉన్నాడు.

“సిగ్నల్ చెయ్యి దిగినప్పుడు ఎట్ల దిగుతది పెద్దయ్యా?” అని మావాడు అడిగాడు. పాత సిగ్నల్ స్తంభానికి చెయ్యిలా ఉండే పలక కిందికి దిగితే బండి రావొచ్చని అర్థం. వాడికి అది ముఖ్యం, మోడల్‌లో ఆ చెయ్యిని కదిపే సర్వో మోటర్‌కు కదలిక రాయాల్సింది వాడే.

“దబ్బున వడది. జర దిగి ఆగుతది, తీగ బిగుసుకుంటది గద, అప్పుడు మొత్తం దిగి వణుకుతది. ఎండకాలమైతే తీగ సాగుతది, చెయ్యి సగంల నిలవడుతది. తీగ బిగించుకుంటనే ఉండాలె. పొద్దుగూకితే దీపాలాయన నిచ్చెనెక్కి కిరసనాయిలు దీపం వెట్టొస్తడు.”

ఆ వణుకు ఏ ఫోటోలో దొరుకుతుంది? ఈ ప్రయాణంలో మాకు దొరికిన వాటిలో నేను అన్నిటికన్నా విలువైనదిగా అనుకునేది అదే.

గూడ్సు సైడింగు ఏ వైపుండేదో, పల్లికాయ మూటలు ఎక్కడ పేర్చేవాళ్ళో చేత్తో చూపించాడు. బండి వస్తోందంటే వేలాడదీసిన పట్టా ముక్కను సుత్తితో కొట్టేవాళ్ళట. ఇంకో మాట గట్టిగా చెప్పాడు. రెండు బండ్లు క్రాసింగుకు వస్తే రెండిటికీ ఒకేసారి సిగ్నల్ ఇవ్వరు. మొదటిది లూపులోకి వచ్చి పూర్తిగా ఆగాలి, వెనక పెట్టె పాయింటు దాటిందని చూసుకోవాలి, ఆ తర్వాతే రెండోదానికి చెయ్యి దించాలి. “నువ్వు ఇంట్ల గూడ అట్లనే నడుపు” అన్నాడు.

మధ్యాహ్నం ఊళ్ళో జొన్నరొట్టె, కోడికూర తిన్నాం. మదనాపురం పక్కనే సరళాసాగర్ ఉంది. నీటిమట్టం పెరిగితే గేట్లు ఎత్తే పని లేకుండా సైఫన్లు వాటంతటవే నీళ్ళు వదిలే ప్రాజెక్టు అది. లేఅవుట్‌లో దానికి చోటు లేదు, మాకూ బండి టైమైంది. స్టేషన్ బయట చెలకలోని ఎర్రమట్టి ఒక సంచి నింపుకుని గద్వాల బండి ఎక్కాం.

గద్వాల రాకముందు కృష్ణా నది వస్తుంది. జూరాల కిందుగా నది వెడల్పుగా, రాళ్ళ మధ్య నుంచి పాయలు పాయలుగా పారుతోంది. వంతెన మీద బండి శబ్దం మారిపోయింది. మావాడు కళ్ళు మూసుకుని విన్నాడు, నేను ఒడ్డు చూశాను. ఇంత వంతెన మా గదిలో పట్టదు. ఒడ్డున ఉన్న మట్టి కట్ట, మొదటి పిల్లరు, రెండు స్పాన్లు, అంతే. మూడోది గోడ మీద బొమ్మగా మొదలవుతుంది. నది మీద బండి కొంచెంసేపు కనబడి గోడలోంచి అవతలి గదిలోకి పోతుంది. అక్కడ బండ్లు దాచే లైన్లుంటాయి. కుడి చివర అట్లా తేలింది. గద్వాల స్టేషన్‌ను మాత్రం అక్కడే, ప్లాట్‌ఫాం మీద చాయ్ తాగుతూ వదిలేశాను. 2013లో రాయచూరు లైను కలిశాక అది జంక్షన్ అయింది, పాత రూపు ఊహించుకోవడం కష్టం. రెండు స్టేషన్లు పెట్టి రెండిటినీ కుదించడం కన్నా ఒక్కదానికి ఊపిరాడే చోటు ఇవ్వడమే మేలు.

ఇంటికి వచ్చాక పని వేగంగా సాగింది. ఎర్రమట్టిని ఎండబెట్టి, సన్నటి గుడ్డలో జల్లించి, మొదట అయస్కాంతం తిప్పాం. మన మట్టిలో ఇనుప రజను ఎక్కువ, అట్లాగే పోస్తే ఇంజన్ మోటర్ దాన్ని లాక్కుంటుంది. నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో ఒక చుక్క గిన్నెల సబ్బు వేస్తే మట్టిలోకి బాగా ఇంకుతుంది. థర్మకోల్ చెక్కి, పైన ప్లాస్టర్ పూసి కురుమూర్తి గుట్ట చేశాను. నల్లటి చారలు నోట్‌బుక్‌లో రాసుకున్నచోటే వేశాను. చెట్లు చాలా తక్కువ పెట్టాను, తుమ్మలు కొన్ని, వేపచెట్టు ఒక్కటి. మిగతాదంతా ఖాళీ చెలక. చూసినవాళ్ళు ఇంకా ఇళ్ళు పెట్టొచ్చు కదా అంటారు. ఆ లైన్లో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు మాత్రం అనరు.

నడిపేటప్పుడు ఇద్దరం కావాలి. మహబూబ్‌నగర్ వైపు నేను, గద్వాల వైపు మావాడు. ఒక్కో ఇంజన్‌కు డిజిటల్ ఆదేశాలు పంపే డీసీసీ కంట్రోల్ కాబట్టి పట్టాల్లోని రెండే తీగల మీద ఒక్కో ఇంజన్‌ను విడివిడిగా నడపొచ్చు. అయినా టోకెన్ లేకుండా బండి కదలదు. వాడు బటన్ నొక్కితేనే నా బాక్సులో లైటు వెలుగుతుంది. గూడ్సు లూపులోకి వచ్చి, వెనక వ్యాను పాయింటు దాటేదాకా ప్యాసింజర్‌కు సిగ్నల్ లివర్ కదలకుండా మావాడు ప్రోగ్రాం రాశాడు. లోపలున్న చిన్న స్పీకర్‌లో పట్టా ముక్క మీద సుత్తి దెబ్బ వినబడుతుంది. చెయ్యి కొంచెం దిగి, ఆగి, మొత్తం దిగి వణుకుతుంది. ఆ వీడియో పెద్దాయనకు పంపితే ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. వణుకు సరిగ్గా ఉందన్నాడు. గూడ్సుకు ఎనిమిది పెట్టెలేం సరిపోతాయి, పల్లికాయ సీజన్లో ఇంకా పొడుగుండాలె అన్నాడు. లూపులో పన్నెండు దాకా పడతాయి. మిగిలిన నాలుగు పెట్టెలకు ఇప్పుడు రేకులు కోస్తున్నాను.