నాయనమ్మ, మజ్జిగ, తువ్వాలు రాడ్డు

గుంటూరు ఎండల్లో పెద్దవాళ్ల చేత నీళ్లు తాగించడం ఎంత కష్టమో మా బ్రాడీపేట ఇంట్లో అందరికీ తెలుసు. నాయనమ్మని అడిగితే "దాహం లేదురా" అంటుంది. అది అబద్ధమేం కాదు, వయసు పైబడితే దాహం తెలియడమే తగ్గుతుందట, పైగా ఆవిడ బీపీ మాత్రల్లో ఒకటి ఒంట్లో నీరు లాగేసే రకం. అందుకే అడగడం మానేసి, సీరియల్ మొదలవగానే పల్చటి మజ్జిగ చేతిలో పెట్టేస్తున్నాం (ఉప్పు చిటికెడే, బీపీ కదా).

పొద్దున లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే డాక్టరు గారు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూశారు. నిలబడేసరికి పై అంకె 20 పాయింట్లకి పైగా పడిపోయింది, కళ్లు తిరిగేది అందుకేనట. మాత్రలు మార్చి, మంచం మీదే కాళ్లు వేలాడేసి కాసేపు కూర్చుని, పాదాలు ఆడించి అప్పుడు లేవమన్నారు. నాయనమ్మ ఆ కాసేపట్లో జపం కూడా కానిచ్చేస్తోంది.

అసలు గొడవంతా బాత్రూమ్‌లో పట్టుకునే రాడ్డు దగ్గర. "నేనేమన్నా రోగిష్టిదాన్నా?" అని ఒకటే అలక. చివరికి మేస్త్రీ "తువ్వాలు ఆరేసుకోవడానికి మామ్మగారూ" అంటే సరే అంది! ఇప్పుడు దాని మీద ఇంకెవరి బట్టా పడనివ్వదు, లేచేటప్పుడు మాత్రం గట్టిగా పట్టుకుంటుంది.

అన్నట్టు, పెద్దవాళ్ల కోసం 14567 అని ఎల్డర్‌లైన్ అనే ఫోన్ హెల్ప్‌లైన్ ఉంది, ఉచితం, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. పిల్లలు అమెరికాలో ఉన్న మా పక్కింటి తాతగారి ఫోన్‌లో సేవ్ చేసిచ్చా.