ఏడు మాటల్లో మొదటి మాట

గుంటూరులో దగ్గుకు ఎవరూ భయపడరు. సంక్రాంతి దాటిందంటే మిర్చి యార్డుకు కొత్త మిరప టిక్కీలు, అంటే బస్తాలు, దిగడం మొదలవుతుంది. మా వారు అక్కడ ఒక కమీషన్ వ్యాపారి దగ్గర గుమాస్తా. సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చొక్కా విప్పితే చాలు, ఇంట్లో అందరికీ తుమ్ములు. అందుకే 2024 క్రిస్మస్ తర్వాత పట్టుకున్న నా దగ్గును ఎవరూ దగ్గుగా లెక్కపెట్టలేదు. ఘాటు పడలేదన్నారు. కషాయం కాచి ఇచ్చారు.

కానీ ఘాటుకు సాయంత్రం పూట సన్నటి జ్వరం రాదు. ఫ్యాను కింద పడుకున్నా రాత్రిళ్లు దిండు చెమటతో తడిసిపోదు. కుట్టించి ఏడాది కాని జాకెట్లు భుజాల మీద నుంచి జారడం మొదలైంది. సండే స్కూలులో పిల్లలకు కీర్తన నేర్పుతుంటే చరణం మధ్యలో ఊపిరి అందేది కాదు. ఒక ఉదయం వాష్ బేసిన్‌లో కళ్లెతో పాటు ఎర్రటి చార కనిపించింది. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాం. చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, బయట గాలి తగిలే చోట నిలబడి గట్టిగా దగ్గి తెమడ తీయమన్నారు. మర్నాడు ఫలితం వచ్చింది. ఊపిరితిత్తుల క్షయ.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల, ఓపిక మాత్రం ఎక్కువ. ఆరు నెలల మందులు, మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు అందులో ఒకటి తగ్గుతుంది, మధ్యలో ఒక్క రోజు కూడా మానకూడదు. మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, అది రిఫాంపిసిన్ మందు రంగు, రక్తం అనుకుని హడలిపోవద్దు. కంచాలు, గ్లాసులు వేరు చేయాల్సిన పని లేదు, ఇది గాలి ద్వారానే అంటుకుంటుంది. "ముందు ఇంటికి వెళ్లి కిటికీలన్నీ తెరవండమ్మా" అని చెప్పింది.

మా ఇంట్లో జరిగింది సరిగ్గా దానికి ఎదురు. కిటికీలు మూశారు. మాది ఒకే ప్రహరీలో రెండు వాటాల ఇల్లు, రెండో వాటాలో బావగారి కుటుంబం ఉంటుంది. వీధిలోకి దగ్గు వినిపించకూడదని మా వారి భయం. మా అమ్మాయికి బాపట్ల నుంచి వచ్చిన సంబంధం దాదాపు ఖాయమైంది, ఈస్టర్ అయ్యాక మాటలు పూర్తి చేద్దామనుకున్నాం. "ఆరు నెలలు ఎవరికీ చెప్పొద్దు, ఆ తర్వాత చెప్పాల్సిన అవసరమే ఉండదు" అన్నారాయన. ఆయన ప్రేమతోనే అన్నారు. దానికి నా మనసు ఒప్పుకోలేదు. చర్చి వెనక చిన్న గదిలో, తలుపు దగ్గరగా వేసుకుని, ఆదివారం ఆదివారం నేను పాటలు నేర్పిన పిల్లలు ఉన్నారు. నా పక్కనే కూర్చుని నా నోట్లోంచి వచ్చిన గాలి పీల్చిన పిల్లలు. వాళ్లకు పరీక్షలు చేయించాలంటే ముందు వాళ్ల తల్లులకు తెలియాలి. మా అమ్మాయి పెళ్లి కోసం ఆ పిల్లల విషయంలో నోరు మూసుకుని, మళ్లీ ఆదివారం ప్రభువు బల్ల దగ్గర మోకరించడం నావల్ల అయ్యే పని కాదు.

మా చర్చి పాస్టరు అయ్యగారికి చెప్పాను. ఆయన నా పేరు ప్రకటించలేదు, దాచనూ లేదు. తల్లులందరినీ పిలిచారు. నేనే చెప్పాను, మూతికి మాస్కు కట్టుకుని, వరండాలో దూరంగా నిలబడి. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ఒకామె మాత్రం, "మా వాడికి ఎక్కడ పరీక్ష చేయిస్తారో చెప్పండి అక్కా, పొద్దున్నే తీసుకెళ్తాను" అంది. ఆ వారంలో ఆశా కార్యకర్త పిల్లలందరి ఇళ్లకూ తిరిగింది. ఎవరికీ జబ్బు లేదని తేలిన రోజు నేను మోకాళ్ల మీద నుంచి చాలాసేపు లేవలేదు.

మందుల గురించి ఎక్కువ చెప్పను. పరగడుపున మాత్రలు, గంటసేపు కడుపులో తిప్పడం, కీళ్ల నొప్పులు, అన్నం వాసన పడకపోవడం. ఇవి ఓర్చుకోగలిగినవే. ప్రార్థనాపరుడైన మా దూరపు బంధువు ఒకాయన వచ్చి, విశ్వాసం ఉంటే మాత్రలెందుకన్నాడు. గుంటూరు క్రైస్తవులకు చెప్పాల్సిన మాట కాదది. నేను పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలో. అమెరికన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో ఈ ఊరు వచ్చినప్పుడు, వైద్యం పని మొదలుపెట్టడానికి ఆమెను పంపినవాళ్లే ఇంకా సిద్ధంగా లేరు. అయినా ఆమె రోగులను చూడటం మానలేదు. 1898 నాటికి ఆసుపత్రి నిలబెట్టింది, ఈ దేశంలోనే కన్నుమూసింది. మా అమ్మమ్మల కాలం నుంచీ మా సంఘంలో ప్రార్థన, మందు ఒకే చేత్తో అందాయి. ఆయనకు మర్యాదగానే చెప్పి, ఆయన ఎదుటే మాత్రలు వేసుకున్నాను.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. పక్క వాటాలో ఉండే మా తోటికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, బాపట్ల వాళ్లకు ఫోను చేసి చెప్పింది. జబ్బు సంగతి మేమే చెప్పాలని అప్పటికి తీర్మానించుకున్నాం, ఆ ఆదివారం వెళ్లి చెబుదామనుకున్నాం. ఈలోపే వాళ్లు సంబంధం వద్దన్నారు. ఎవరు చెప్పారో దాచలేదు కూడా. మా అమ్మాయి విజయవాడలో ఉద్యోగం చేస్తుంది. ఫోనులో, "అమ్మ జబ్బు విని వెనక్కి తగ్గినవాళ్లు నా జబ్బుకు నిలబడతారా, పోనీలే అమ్మా" అంది. అని, ఫోను పెట్టేశాక ఏడ్చిందని దాని గదిలో ఉండే అమ్మాయి చెప్పింది.

అక్క ఇంట్లో నా కోసం విడిగా ఒక స్టీలు గ్లాసు ఉండేది. అడుగున గోళ్ల రంగుతో ఎర్రటి చుక్క పెట్టింది, కలిసిపోకుండా. ఆ గ్లాసును నేను పట్టించుకోలేదు. ఫోను సంగతి మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. పొద్దున్నే మాత్రలు మింగేటప్పుడు ప్రహరీలో ఆమె వాకిలి ఊడ్చే చీపురు చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు వింటే కడుపులో తిప్పడం రెట్టింపయ్యేది.

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలయ్యాయి. మంచి శుక్రవారం మా చర్చిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన ఉంటుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను ఏడుగురు ధ్యానిస్తారు. ఆ ఏడాది మొదటి మాట స్త్రీల సమాజం తరఫున నాకని క్రిస్మస్ ముందే అనుకున్నారు. తనను సిలువ వేస్తున్నవారిని క్షమించమని తండ్రిని అడిగిన మాట. అయ్యగారు ఇంటికొచ్చి, "మీకు ఓపిక లేకపోతే మారుస్తానమ్మా. ఓపిక ఉంటే మాత్రం మీరే చెప్పాలి" అన్నారు. మా వారు నా వైపు చూశారు. చెబుతానన్నాను.

చెప్పడానికి కూర్చుంటే కలం కదలలేదు. ఎన్నో ఏళ్లుగా విన్న వాక్యమే. కానీ ఆ మాట ఎప్పుడు పలికాడన్నది నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నొప్పి తగ్గాక కాదు, మూడో రోజు లేచాక కాదు. మేకులు దిగిన చేతులతో, కింద సైనికులు ఆయన బట్టలకు చీట్లు వేసుకుంటున్న సమయంలో. వాళ్లెవరూ క్షమించమని అడగలేదు. అడుగుతారన్న సూచన కూడా లేదు. నేనేమో అక్క వచ్చి ఒక్క మాట అంటే చాలు, క్షమించేస్తానని కాచుకుని కూర్చున్నాను. తప్పు చేసినవాళ్లు వచ్చే దాకా కాచుకోవడం లోకమంతా చేసేదే. సిలువ దగ్గర జరిగింది అది కాదు.

ఒక సాయంత్రం ప్రహరీ దాటి వెళ్లాను. అక్క మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. "అక్కా, నువ్వు చేసిన పనికి మా పిల్ల ఏడ్చింది. అది తప్పే. కానీ దాన్ని నేను నీ మీద ఉంచుకోను. దేవుడి ముందు వదిలేశాను" అన్నాను. తప్పును తప్పు కాదని చెప్పడం క్షమాపణ కాదని నా నమ్మకం, అందుకే ఆ మాట మింగలేదు. అక్క తలెత్తలేదు. చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ రాత్రి, జబ్బు మొదలయ్యాక మొదటిసారి, అన్నం రుచిగా అనిపించింది. గోంగూర పచ్చడి, వేడన్నం. రెండోసారి పెట్టించుకున్నాను.

2025 ఏప్రిల్ 18, మంచి శుక్రవారం. అప్పటికి రెండు నెలల మందులు పూర్తయ్యాయి, రెండోసారి చేసిన కళ్లె పరీక్షలో క్రిములు లేవని వచ్చింది. చర్చి నిండా తెల్లచీరలు, తిరిగే ఫ్యాన్ల కింద కూడా కారే చెమట. నేను ముందుకెళ్లి ముందుగా నా జబ్బు పేరు చెప్పాను. టీబీ అని, మందులు వాడుతున్నానని, ఇప్పుడు నా నుంచి ఎవరికీ ప్రమాదం లేదని. తర్వాత మొదటి మాట గురించి చెప్పాను. ఇంట్లో జరిగినదాన్ని ఒక్క ముక్క కూడా ఎత్తలేదు, అది అక్కను జనంలో నిలబెట్టడం అవుతుంది. ఆమె నాలుగో వరుసలో కూర్చుని ఉంది.

ఆ రోజు తర్వాత మా వాకిలి ఖాళీగా ఉండేది కాదు. స్త్రీల సమాజం వాళ్లు వంతులు వేసుకుని కోడిగుడ్లు, వేరుశనగ ఉండలు, తోటకూర పప్పు తెచ్చేవారు. ప్రభుత్వం పోషణకు నెలకు ఇచ్చే 1000 రూపాయలు బ్యాంకులో పడ్డాయని చెప్పినా వినరు. కిటికీలు, తలుపులు బార్లా తెరిచి వరండాలో కూర్చుని కీర్తనలు పాడుకునేవాళ్లం. ఒక రోజు పాటలో నాకు కన్నీళ్లు వస్తే, తెల్ల కొంగు మీద పసుపు మరక పడింది. మందు కన్నీళ్లకూ రంగు వేస్తుంది. అందరం ఆ మరకను చూసి కడుపుబ్బ నవ్వుకున్నాం. పౌలు సంకెళ్లలో ఉండి ఫిలిప్పీ సంఘానికి ఆనందించమని ఎలా రాయగలిగాడా అని నేను చిన్నప్పటి నుంచి ఆశ్చర్యపోయేదాన్ని. నాలుగే అధ్యాయాల ఉత్తరం, తిప్పితే చాలు సంతోషం మాటే. సంకెళ్లు తెగాకే సంతోషించాలనుకుంటే ఆ ఉత్తరం పుట్టేదే కాదు. మందులు ఇంకా నాలుగు నెలలు మిగిలి ఉండగానే మా వరండాలో ఆ నవ్వు నవ్వాం.

మే నెలలో ఒక మధ్యాహ్నం అక్క వచ్చింది. గుమ్మంలో నిలబడే చెప్పడం మొదలుపెట్టింది. తన ఆరేళ్ల వయసులో వాళ్లమ్మను క్షయ రోగులను ఉంచే మంగళగిరి శానిటోరియంలో చేర్చారట, ఇప్పుడు ఎయిమ్స్ కట్టిన చోట. పిల్లలను దగ్గరికి రానివ్వలేదు. చెట్టు కింద నిలబడి చెయ్యి ఊపిన అమ్మే చివరిసారి చూసిన అమ్మ. ఊళ్లో గుండెజబ్బని చెప్పారు, అత్తారింట్లోనూ అదే చెప్పారు, బావగారికి కూడా ఇప్పటిదాకా తెలియదు. నా జబ్బు పేరు విన్న రోజు నుంచి తనకు నిద్ర లేదంది. "ఎందుకు ఫోను చేశానో నాకే తెలియదు. మనింట్లోంచి ఆ పేరు బయటికి నెట్టెయ్యాలనిపించింది" అంది. ఆమె చేతులు పట్టుకున్నాను. డాక్టరమ్మ నాకు చెప్పిన సంగతే చెప్పాను. మద్రాసులో 1956లో మొదలైన పరిశోధనలోనే తేలిందట, ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంతగా నయమవుతుందని, ఇంట్లోవాళ్లకు దానివల్ల ప్రమాదం పెరగదని. "ఇప్పుడు ఎవరినీ చెట్టు కింద నిలబెట్టక్కర్లేదక్కా" అన్నాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఇద్దరం టీ తాగాం.

మా అమ్మాయి ఇంకా పెద్దమ్మతో ముభావంగానే ఉంటుంది. నేను తొందరపెట్టను. నాకు పట్టిన సమయం దానికీ కావాలి.

ఆగస్టులో మందులు ముగిశాయి. చివరి పరీక్ష కూడా బాగా వచ్చింది. ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టుకున్నాం, పులిహోర అక్కే కలిపింది. సాక్ష్యం చెప్పమంటే రెండు మాటలే చెప్పాను. దేవుడు నన్ను బాగుచేశాడు. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా ఊరికే కూర్చోవద్దు, పరీక్షా మందులూ ఉచితం, తోడు కావాలంటే నేను వస్తాను. కూటం అయ్యాక, వంటపాత్రలు కడగడానికి వచ్చిన ఒక అమ్మాయి పెరట్లో నన్ను పక్కకు పిలిచింది. తనకు నెల నుంచి దగ్గట, అత్తకు చెప్పలేదట. మర్నాడు ఇద్దరం ఆటో ఎక్కాం. ఇప్పుడు ఆమె మందుల మీద ఉంది. మొదటి రోజే పొద్దున్నే భయపడుతూ ఫోను చేసింది, "అమ్మగారూ, అంతా నారింజ రంగులో వస్తోంది, రక్తమా?" అని. కాదమ్మా, అది మందు రంగే, అన్నం తిన్నావా అని అడిగాను. ఇంకా తినలేదంది. గుడ్డు ఉడకబెట్టుకుని తిను, నేను పదింటికి వస్తానన్నాను.