పెయిన్‌స్టేకింగ్: ఎక్కడ విరవాలి, ఎక్కడ వాడాలి

ఎంతో ఓపికగా, జాగ్రత్తగా, శ్రమపడి చేసే పనిని చెప్పే ఇంగ్లీషు మాట పెయిన్‌స్టేకింగ్ (painstaking). దీన్ని చాలామంది పెయిన్, స్టేకింగ్ అని విడదీస్తారు. అసలు విరుపు పెయిన్స్, టేకింగ్. అందుకే బ్రిటిష్ నిఘంటువుల్లో మధ్య 'ఎస్'కు 'జ్' ఉచ్చారణ కనిపిస్తుంది.

ఏకవచనంలో పెయిన్ అంటే నొప్పి. బహువచనంలో పెయిన్స్‌కు శ్రమ, జాగ్రత్త అనే అర్థం కూడా ఉంది. కాబట్టి 'టేక్ పెయిన్స్ టు' అంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని ఒక పని చేయడం. ఇక్కడ 'ఎస్' వదిలేసి 'టేక్ పెయిన్ టు' అని రాయడం తప్పు. తర్వాత క్రియ వస్తే 'టు', నామవాచకం వస్తే 'ఓవర్' లేదా 'విత్'. 'బీ ఎట్ పెయిన్స్ టు' మాత్రం కాస్త వేరు: అపార్థం రాకూడదని పనిగట్టుకుని చెప్పడం.

విశేషణంగా పెయిన్‌స్టేకింగ్ రీసెర్చ్, ఇన్వెస్టిగేషన్, డీటెయిల్, రెస్టొరేషన్ వంటి మాటల పక్కన చక్కగా ఒదుగుతుంది. చిరిగిన తాళపత్రాలను ముక్కముక్కగా అతికించడం పెయిన్‌స్టేకింగ్. బస్తాలు మోయడం కాదు; అది హార్డ్ వర్క్. ఓపిక, సూక్ష్మత రెండూ ఉండాలి, పనికి సమయమూ పట్టాలి. పెయిన్‌ఫుల్‌తో దీన్ని కలపకండి. ఒళ్లు నొప్పులతో దీనికి సంబంధం లేదు.

మెటిక్యులస్ (చిన్న వివరాన్నీ వదలని) దీనికి దగ్గరి బంధువే. అయితే అది వివరాల మీది పట్టింపును చూపిస్తుంది, పడిన శ్రమను కాదు. డిలిజెంట్ (శ్రద్ధగా పనిచేసే) అనే మాట మనిషి అలవాటు గురించి చెబుతుంది.

క్రియావిశేషణం పెయిన్‌స్టేకింగ్లీ. దానికి ముందు 'వెరీ' తగిలించడం నాకైతే అనవసరం అనిపిస్తుంది.