వాన, వార్త, చదివిన పేజీ: మూడింటికీ ఒకే రిజిస్టరు

పుస్తకంలోంచి ఎత్తిరాసుకున్న మాట ఒక నోటుబుక్కులో, పేపరు కత్తిరింపు ఏదో కవరులో, ఎంత వాన పడిందన్నది గోడ క్యాలెండరు మీద. రెండేళ్ళు పోయాక వీటిలో ఒక్కటీ చేతికి దొరకదు. రాయకపోవడం వల్ల పోయేది కొంచెమే. రాసింది దొరక్క పోయేదే ఎక్కువ. అందుకే మూడింటికీ ఒకే రిజిస్టరు పెట్టమంటాను, ఈ పోస్టులో సగం దాని సూచిక (ఇండెక్స్) గురించే ఉంటుంది.

బ్రిటన్‌లో ఇలా రాసిపెట్టుకునే సరదా చాలా పాతది. నార్‌ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి వసంతం వచ్చిన గుర్తుల్ని 1736 నుంచి ఏటా రాసిపెట్టాడు. తొలి పువ్వు, తొలి ఆకు, తొలి కోకిల, ఇలా 27 గుర్తులు. ఆయన పోయాక ఆ కుటుంబం 1958 దాకా ఆ పని వదల్లేదు. తత్త్వవేత్త జాన్ లాక్ 1666లో వాతావరణం రాయడం మొదలుపెట్టాడు. చదివినవాటిలోంచి ఎత్తిరాసుకోవడానికి ఒక సూచిక పద్ధతి కూడా తయారుచేసి 1686లో అచ్చు వేయించాడు. ఆ పద్ధతి ఇంగ్లీషు కంటే తెలుగుకే బాగా కుదురుతుంది. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు, ఒడియా, ఇంగ్లీషు అనే మూడు లిపుల మధ్య బతికేవాళ్ళకైతే మరీ పనికొస్తుంది.

ముందు పుస్తకం సంగతి. స్పైరల్‌ది వద్దు. తీగ దగ్గర కాగితం చిరుగుతుంది, సముద్రపు గాలికి తీగ తుప్పు పడుతుంది. జిగురుతో అతికించినది వద్దు, అట్ట విప్పగానే పేజీలు ఊడతాయి. దారంతో కుట్టిన గట్టి అట్ట రిజిస్టరు తీసుకోండి. రెండు క్వయర్లంటే 192 పేజీలు, ఏడాదిన్నర వస్తుంది. కొన్న రోజే అన్ని పేజీలకూ నంబర్లు వేసేయాలి. రాస్తూ వేద్దామనుకుంటే మధ్యలో ఆగిపోతుంది, నంబరు లేని పేజీకి సూచిక ఉండదు. పెన్ను కొనేముందు చిన్న పరీక్ష ఉంది: ఒక గీత గీసి, ఆరనిచ్చి, దాని మీద నీటి చుక్క వేసి అద్దండి. రంగు పాకితే ఆ పెన్ను ఈ పనికి రాదు. జెల్ పెన్నుల్లో చాలావరకు ఇక్కడే పోతాయి. పెన్సిల్‌కి ఈ భయం లేదు.

ఇక సూచిక. లాక్ చేసింది ఇది: మాటలో మొదటి అక్షరం, దాని తర్వాత వచ్చే మొదటి అచ్చు, ఈ రెంటినీ కలిపి ఒక గడి. 20 అక్షరాలు, ఒక్కోదానికి 5 అచ్చులు, మొత్తం 100 గడులు, అన్నీ రెండు పేజీల్లో. రోమన్ లిపిలో అచ్చు ఎక్కడుందో మాటలోకి వెళ్ళి వెతుక్కోవాలి. మనకు ఆ బాధ లేదు, గుణింతంలో హల్లూ అచ్చూ ఒకే అక్షరంలో ఉన్నాయి. మొదటి అక్షరం చూస్తే చాలు, గడి తెలిసిపోతుంది.

మొదటి రెండు పేజీల్లో గడులు గీయండి. అడ్డంగా ఐదు నిలువు వరసలు: అ-ఆ, ఇ-ఈ, ఉ-ఊ, ఎ-ఏ-ఐ, ఒ-ఓ-ఔ. నిలువుగా పందొమ్మిది: అచ్చులకు ఒకటి, తర్వాత క, గ, చ, జ, ట, డ, త, ద, న, ప, బ, మ, య, ర, ల, వ, స, హ. ఒత్తు అక్షరాలు వాటి మామూలు జతలో కలిపేయండి, ఖ పోయి క లో, భ పోయి బ లో. శ, ష, స మూడూ స లోనే. మొత్తం 95 గడులు.

ఒత్తుల మాటలొస్తే మొదటి హల్లే లెక్క. ప్రళయం ప-అ, శ్రీకాకుళం స-ఇ, క్షామం క-అ. వట్రసుడిని ఉ వరసలో వేయండి, కృష్ణ క-ఉ. ఋతువు ర-ఉ. జ్ఞానం మనం పలికినట్టే గ-అ. ఈ నాలుగు నియమాలూ సూచిక పేజీ అడుగునే రాసి ఉంచండి. ఆరు నెలల తర్వాత కృష్ణను ఎక్కడ వేశామో మనకే గుర్తుండదు.

గడికి ముందే పేజీలు కేటాయించకండి. ఈ పద్ధతిని పాడుచేసేది అదొక్కటే. "క కి పది పేజీలు, ట కి పది పేజీలు" అని విడదీస్తే ట ఖాళీగా ఉంటుంది, క నిండిపోతుంది. మాట వచ్చినప్పుడు తర్వాతి ఖాళీ పేజీ తెరవండి, తల మీద "త-ఉ" అని రాయండి, సూచికలో ఆ గడిలో పేజీ నంబరు వేయండి. తుఫాను వార్త, తుంగ గడ్డి సంగతి, తులసి మీద చదివిన ముక్క, అన్నీ ఆ పేజీలోనే. పేజీ నిండాక ఆ అడుగున తర్వాతి పేజీ నంబరు రాసి, సూచికలోనూ కలపండి. ప-అ, స-అ, వ-అ, క-అ తొందరగా నిండే గడులు, వాటిని సూచికలో కాస్త వెడల్పుగా గీయండి.

శీర్షిక ఎన్నుకోవడంలోనే నేర్పంతా ఉంది. "వార్త", "మంచి మాట", "పుస్తకం" అన్నవి శీర్షికలు కావు, అన్నీ వాటి కిందికే పోతాయి. రేపు ఏ మాట కోసం వెతుకుతారో దాన్నే రాయండి. వంశధార వరద గురించైతే "వంశధార". జీడిపిక్కల ధర గురించైతే "జీడి".

ఒడియా పేపరు కత్తిరించినప్పుడు చిక్కు మొదలవుతుంది. ఒడియాలో అకారం పలుకుబడిలో ఒకారంలా వినిపిస్తుంది. చెవితో రాస్తే బ్రహ్మపుర "బ్రొహ్మొపురొ" అయి ఒ వరసలోకి పోతుంది, అలా సగం సూచిక ఒ వరసలో చేరుతుంది. కాబట్టి లిపిని బట్టే వేయాలి, వినికిడిని బట్టి కాదు. అప్పుడు బరంపురం, బ్రహ్మపుర రెండూ చక్కగా బ-అ లోనే కూర్చుంటాయి. ఇంగ్లీషు బెర్హంపూర్ ఒక్కటి బ-ఎ కి పోతుంది, అక్కడ "బరంపురం చూడు" అని రాస్తే సరి. పర్లాకిమిడి, ఒడియా పారళాఖెముండి ఒకే గడి. ఇంగ్లీషు జెపోర్‌కి జ-ఎ లో "జయపురం చూడు".

దీనికన్నా పెద్ద చిక్కు వ. మన వకారం ఒడియాలో చాలాచోట్ల బకారం. వంశధార వాళ్ళకు బంశధారా, విజయ బిజయ. అలాగే మాట మొదట్లో మన య వాళ్ళకు జ: యాత్ర జాత్రా, యోజన జోజనా. ఒకే నది గురించి తెలుగు పేపరు ముక్క వ లో, ఒడియా పేపరు ముక్క బ లో పడితే రెంటినీ ఎప్పటికీ పక్కపక్కన చూడలేం. ఏదో ఒక రూపాన్ని ఇల్లుగా పెట్టుకోండి, తెలుగు రూపమైతే మేలు. రెండోచోట "చూడు" అన్న గుర్తు వేయండి. బ-అ గడిలో "వంశధార చూడు" అన్న ఒక్క ముక్క గంటసేపు వెతుకులాట తప్పిస్తుంది.

తేదీ విషయంలో మొహమాటం పడొద్దు, ఇంగ్లీషు తేదీయే ముందు రాయండి. మనది అమావాస్యతో ముగిసే నెల, ఒడియా చాంద్రమాసం పున్నమితో ముగుస్తుంది. బహుళ పక్షంలో నెల పేరే మారిపోతుంది. మనకు శ్రావణ బహుళ అష్టమి అయిన కృష్ణాష్టమి వాళ్ళకు భాద్రవ మాసంలో వస్తుంది. తిథి రాసుకోవాలనుకుంటే పక్కన రాయండి, ఎవరి పంచాంగమో కూడా రాయండి.

వాన లెక్కకు పెద్ద ఖర్చు లేదు. బ్రిటన్‌లో జార్జ్ సైమన్స్ 1860లో ఇళ్ళల్లో వాన కొలిచేవాళ్ళను కూడగట్టడం మొదలుపెట్టి, 1900లో చనిపోయేనాటికి మూడు వేలకు పైగా చోట్ల నుంచి లెక్కలు తెప్పించుకున్నాడు. వాళ్ళలో చాలామంది మామూలు మనుషులే, చర్చి గురువులు, వైద్యులు. మనకు కావలసినవి ఒక గరాటు, రెండు లీటర్ల సీసా, 100 మి.లీ. కొలపాత్ర. గరాటు నోటి అడ్డుకొలత లోపలి అంచు నుంచి లోపలి అంచుకు 11.3 సెం.మీ. ఉంటే వైశాల్యం 100 చదరపు సెం.మీ. అవుతుంది. అప్పుడు లెక్క నోటితోనే: 10 మి.లీ. నీళ్ళు అంటే 1 మి.మీ. వాన. వేరే గరాటు దొరికితే మి.లీ.ని వైశాల్యంతో భాగించి పదితో గుణించాలి. 15 సెం.మీ. గరాటుకు ఒక మిల్లీమీటరుకు దాదాపు 17.7 మి.లీ.

గరాటు అంచు నేలకు 30 సెం.మీ. ఎత్తులో, సరిసమానంగా ఉండాలి. డాబా మీద పెట్టకండి. అక్కడ గాలి చినుకుల్ని గరాటు మీదుగా ఎత్తుకుపోతుంది, లెక్క తక్కువొస్తుంది. కొబ్బరిచెట్టో గోడో ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరం ఉంచాలి. పెరడు చిన్నదైతే అంత దూరం కుదరదు. అప్పుడు ఉన్నంతలో పెట్టి, ఎప్పటికీ అక్కడే ఉంచండి. చోటు మారిస్తే పాత లెక్కతో పోల్చడానికి వీల్లేదు. వేపాకు, చీమలు గరాటు గొంతులో అడ్డుపడతాయి, వారానికోసారి పుల్లతో పొడవండి.

చూసే వేళ ఉదయం 8:30. మన వాతావరణ శాఖ లెక్క కూడా ఆ వేళకే. కానీ ఒక తేడా గుర్తుంచుకోవాలి. బ్రిటన్‌లో ఉదయం 9కి చూసిన వానను ముందురోజు పద్దులో వేస్తారు, మన దగ్గర చూసిన రోజు పద్దులోనే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి కురిసింది మన పద్ధతిలో 13వ తేదీ కింద ఉంటుంది. ఇది తెలియకపోతే పేపరులోని అంకెకూ మన అంకెకూ ఒక రోజు ఎడం వచ్చి, కొలతే తప్పనిపిస్తుంది. తుఫాను రోజుల్లో ఇంకో జాగ్రత్త: రెండు లీటర్ల సీసా 200 మి.మీ.తో నిండిపోతుంది. అత్యంత భారీ వర్షం అనే మాట 204.4 మి.మీ. దాటాకే వాడతారు. అంటే మీ సీసా సరిగ్గా అసలైన రోజునే పొంగిపోతుంది. సాయంత్రమే ఒకసారి కొలిచి, పారబోసి, ఆ అంకెను రాసుకుని, పొద్దుటి అంకెకు కలపండి. మామూలు రోజుల్లో 2.5 మి.మీ. పడితేనే అది "వానరోజు". అంతకు తక్కువైనా అంకె మాత్రం రాయాలి. వాన లేని రోజు 0 అని రాయాలి. ఖాళీ వదిలితే వాన లేదో, మీరు ఊళ్ళో లేరో తెలియదు.

మార్షమ్ చేసినట్టు ఋతువుల గుర్తులు రాయాలనుకుంటే మన గుర్తులే రాయండి: వేపపూత, మామిడిపూత, కోకిల మొదటి కూత, కొండల వైపు ఇప్పపూలు రాలడం, గంజాం తీరంలో వానాకాలపు మొగలిపూలు, తొలకరి తర్వాత నేల మీద కనిపించే ఎర్రటి ఆరుద్ర పురుగు. ఆరుద్ర కార్తె జూన్ 21-22కి వస్తుంది, పురుగు ఆ తేదీకే వస్తోందా లేదా అన్నది పదేళ్ళ పద్దు చెబుతుంది. ఏటా అదే చెట్టును చూడాలి. వీధి చివరి మామిడి ఒక ఏడు, బంధువుల పెరటి మామిడి ఇంకో ఏడు చూస్తే ఆ తేదీలకు విలువ లేదు.

కత్తిరింపుల్లో కాగితమే శత్రువు. పేపరు కాగితంలో చెక్క గుజ్జులోని లిగ్నిన్ మిగిలే ఉంటుంది, వెలుతురుకీ గాలికీ పసుపెక్కి ఆమ్లమై పొడిపొడి అవుతుంది, పక్క పేజీకి కూడా ఆ మరక అంటుతుంది. ముఖ్యమైన ముక్కను మంచి కాగితం మీద జెరాక్సు తీసి దాన్నే అంటించండి. అసలు ముక్క విడిగా కవరులో ఉండనివ్వండి. సెల్లోటేపు వద్దు, జిగురు కారి అక్షరాల్ని తినేస్తుంది. గుండుసూది, స్టేప్లర్ పిన్ను ఒక్క వానాకాలంలో తుప్పు మరక వదులుతాయి.

అంటించడానికి మైదా బంక చాలు. ఒక చెంచా మైదాకు ఐదు చెంచాల నీళ్ళు, ముందు చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద తెల్లదనం పోయి మెరుపు వచ్చేదాకా కలుపుతూనే ఉండాలి. చల్లారాక కాగితం అంచులకు పలచగా రాయండి. ఎక్కువైతే పేజీ ముడతలు పడుతుంది. పురుగు పట్టదని అందులో మైలుతుత్తం కలిపే అలవాటు ఉంది, ఇంట్లో వద్దు. అది విషం, కాగితానికీ చేటే. ఏ రోజు బంక ఆ రోజు కాచుకోండి. అంటించిన పేజీల మధ్య పాత పేపరు పెట్టి, పైన బరువు పెట్టి, పూర్తిగా ఆరాకే మూయండి. తడి పేజీ మూస్తే మూడో రోజుకి బూజు.

ప్రతి ముక్క పక్కన పేపరు పేరు, తేదీ, ఏ ఊరి ఎడిషన్, ఎన్నో పేజీ రాయాలి. కుడివైపు రెండు వేళ్ళ వెడల్పు ఖాళీ వదలండి. మొదటిరోజు వార్తలో అంకె వారానికి మారుతుంది, ఆ మార్పు అక్కడ రాయడానికి.

పుస్తకాల పద్దు తేలిక. పేరు, అచ్చయిన ఏడు, పేజీ. లాక్ పుస్తకం మొత్తం పేజీల సంఖ్య కూడా రాసుకునేవాడు, అది చాలా తెలివైన పని. "పే. 76/224" అని ఉంటే వేరే ముద్రణ చేతిలో ఉన్నా ఆ మాట మూడోవంతు దాటాక ఉంటుందని తెలుస్తుంది. పుస్తకంలోని మాటను కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదున్నట్టు దింపండి. మీ మాటకు ముందు ఒక గీత పెట్టండి. ఈ రెండూ కలిసిపోతే, పదేళ్ళ తర్వాత అది రచయిత అన్నదో మీరనుకున్నదో చెప్పేవాళ్ళు ఉండరు.

వానాకాలంలో రిజిస్టరును గోడకు ఆనించకుండా, బీరువాలో నాలుగు వేళ్ళ ఎడంతో నిలబెట్టండి. ప్లాస్టిక్ సంచిలో బిగించకండి, లోపలి చెమ్మ బయటికి పోదు. వేపాకు బాగా ఎండితేనే పెట్టండి, పచ్చిది చెమ్మ తెస్తుంది. ఎండ కాసిన రోజు నీడలో ఫ్యాను కింద పేజీలు విప్పి ఉంచండి.

రిజిస్టరు నిండాక కొత్తదానికి 2 అని నంబరు వేసి, కొత్త సూచిక గీసి, పాత "చూడు" గుర్తులన్నీ ముందే అందులోకి ఎక్కించండి. ఇక పేజీలు 2-14, 2-15 అని రాయాలి.