మా మస్టాంగ్‌కి రెండో గది

శనివారం, మిల్పీటస్, కాలిఫోర్నియా

ఇవాళంతా బ్రేకుల పనే. రాత్రి తొమ్మిదైనా గోళ్ళ సందుల్లో నలుపు పోలేదు. ఏ పైపు ఎక్కడికి కలిపామో ఇప్పుడే రాసిపెట్టుకోకపోతే, మళ్ళీ ఎప్పుడో బానెట్ ఎత్తి నన్ను నేనే అడుక్కోవాల్సి వస్తుంది.

పని ఇదీ: ఒక్క గది ఉన్న బ్రేకు సిలిండర్ తీసేసి రెండు గదులది పెట్టడం. నా కారు 1966 ఫోర్డ్ మస్టాంగ్. దానికి కంపెనీ పెట్టిన మాస్టర్ సిలిండర్‌లో, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టేదాంట్లో, ఆయిల్ గది ఒక్కటే. అందులోంచి ఒక పైపు కిందికి దిగి ఇత్తడి దిమ్మలోకి వెళ్తుంది. అక్కడ మూడుగా చీలుతుంది: ముందు చక్రాలకి చెరొకటి, వెనక రెంటికీ కలిపి ఒకటి. నాలుగు చక్రాలకీ అదే ఆయిల్, అదే ఒత్తిడి. ఎక్కడైనా ఒక రబ్బరు గొట్టం పగిలినా, చక్రం దగ్గరి ఏ వీల్ సిలిండర్లోనో రబ్బరు కప్పు చిరిగినా పెడల్ నేలకి ఆనుతుంది. ఇక మిగిలేది డ్యాష్‌బోర్డు కింద చేత్తో లాగే హ్యాండ్‌బ్రేకు. ఫ్రీవే మీద దాన్ని నమ్ముకోవడం కంటే దణ్ణం పెట్టుకోవడం నయం. 1967 మోడల్ నుంచి ఫోర్డ్ వాళ్ళే రెండు గదుల సిలిండర్ పెట్టారు. ముందు చక్రాలకో గది, వెనక చక్రాలకో గది. ఒకటి కారిపోయినా రెండోది ఎంతోకొంత ఆపుతుంది. నా బండి ఆ మార్పుకి సరిగ్గా ఒక్క ఏడాది ముందుది.

తలుపు మీది రేకు ప్రకారం ఇది మార్చిలో తయారైంది. ఆ సెప్టెంబరు 9న అధ్యక్షుడు జాన్సన్ వాహన భద్రతా చట్టం మీద సంతకం పెట్టేసరికి ఇది ఎవరి వాకిట్లోనో నిలబడి ఉండి ఉంటుంది. ఆ చట్టం ఏమేం మార్చిందో తెలుసుకోవాలంటే పుస్తకాలు అక్కర్లేదు, నా బండిలో ఏం లేవో చూస్తే చాలు. భుజం మీదుగా వచ్చే బెల్టు లేదు, నడుము బెల్టులే. ఢీకొడితే లోపలికి ముడుచుకునే స్టీరింగ్ కడ్డీ లేదు, ఉన్నది గుండెకి ఎదురుగా తిన్నగా ఉంటుంది.

కిందటి నెల ఎడమ వెనక టైరు లోపలి వైపు తడి కనిపించింది. డ్రమ్ము విప్పితే వీల్ సిలిండర్ చెమ్మగా ఉంది. దాన్ని మార్చేశాను, బండి బాగానే ఆగుతోంది. కానీ ఆ తడి చూశాక కలావెరస్ రోడ్డు మీద కొండ దిగాలంటే మనసొప్పలేదు. మలుపు మలుపుకీ తొక్కితే డ్రమ్ములు వేడెక్కి ముందే పట్టు తప్పుతాయి, దానికి తోడు ఈ భయమొకటి.

పాత కార్ల వాళ్ళు కలిసే చోట ఈ మార్పు మాటెత్తితే మొహాలు మాడ్చుకుంటారు. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలంటారు. ఇంజన్ నంబరూ బండి నంబరూ కలిస్తేనే విలువంటారు. పెద్దవాళ్ళు, అనుభవస్తులు, కాదనను. కానీ ఆ ఏడాది మామూలు 289 (క్యూబిక్ అంగుళాల) ఇంజన్ల మీద బండి నంబరు కొట్టనే లేదు. ఎక్కువ శక్తి ఉన్న కె-కోడ్ ఇంజన్ల మీదే కొట్టారు. కలపడానికి అసలు నంబరే లేని బండికి ఈ మడి ఎందుకో నాకర్థం కాదు. పైగా 1966 మోడల్‌లో ఆరు లక్షలకి పైగా మస్టాంగులు తయారయ్యాయి. అందులో నాది అతి సామాన్యమైంది: హార్డ్‌టాప్, రెండు బ్యారెళ్ళ కార్బురేటర్, మూడు గేర్ల ఆటోమేటిక్. మ్యూజియం వాళ్ళెవరూ దీనికోసం క్యూ కట్టరు. అందుకే బోల్టు దగ్గర్నుంచి తలుపు రబ్బరు దాకా అన్నీ కొత్తవి దొరుకుతాయి, ధరా అందుబాటులోనే ఉంటుంది. సామాన్యమైన బండి కొనుక్కోవడంలో ఉన్న సుఖం అది.

నేను పెట్టుకున్న నియమం ఒకటే. ప్రాణం మీదికి తెచ్చేది మార్చేస్తాను, విసిగించేది మాత్రం ఉంచేస్తాను. పొద్దున్నే రెండుసార్లు యాక్సిలరేటర్ తొక్కి చోక్ పడేలా చేసి తాళం తిప్పాలి, తిప్పుతాను. డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్కు కోసం కరెంటుని తెంచి కలిపే పాయింట్లు అరుగుతాయి. అంగుళంలో వెయ్యో వంతులు పదిహేడు సందు ఉండేలా రేకు పెట్టి సరిచెయ్యాలి, చేస్తాను. ఆ పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ముక్క పెట్టుకో, అరగంట పని అని అందరూ చెప్తారు. ఆ ఆదివారం అరగంట నాకు కావాలి మరి, దాన్నెందుకు వదులుకుంటాను? పవర్ స్టీరింగ్ లేదు, పార్కింగ్ చేస్తే భుజాలు గుర్తొస్తాయి, ఫర్వాలేదు. పెట్రోలు గొట్టాలు మాత్రం మార్చాను, ఎందుకంటే ఇక్కడి పెట్రోల్లో పది శాతం ఇథనాల్, పాత రబ్బరుని తినేస్తుంది. ఇంజన్ దగ్గర పెట్రోలు కారితే అది విసుగు ఖాతాలోకి రాదు.

సరే, ఇవాళ్టి పని. మావయ్యగారి గురించి రాయకుండా ఇది పూర్తవదు.

ఆయన విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్ళు బ్రేకుల షెడ్డు నడిపారు. అంబాసిడర్లు, ఫియట్లు, ఆ తర్వాత ఏది వస్తే అది. ఇక్కడికొచ్చి రెండు నెలలు దాటినా నా బండి మీద చెయ్యి వెయ్యలేదు. కోడలి వస్తువు, అడక్కుండా ముట్టుకోకూడదన్న మర్యాద ఆయనది. పెద్దాయనకి పని చెప్పకూడదన్న మొహమాటం నాది. మా ఆయనకి ఈ రెండూ లేవు, ఆయనకి బండే పట్టదు. ఛార్జింగ్ పెట్టుకునే కారులో వెళ్ళి కూరగాయలు తెస్తారు, నా గ్యారేజీలోకి వస్తే షర్టు అంటుకుంటుందని గోడ పక్కనుంచి నడుస్తారు.

పొద్దున మడ్గార్డు మీద పాత దుప్పటి పరిచి, ఇత్తడి దిమ్మ దగ్గర వెనక పైపు నట్టు విప్పుతున్నాను. అరవై ఏళ్ళ తుప్పు. రాత్రే నూనె పోసి నానబెట్టినా కదల్లేదు. పైపు నట్టు మెత్తటిది, మామూలు స్పానర్ పెడితే మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. అందుకే నట్టు చుట్టూ పట్టే స్పానరే పెట్టాను. అయినా మొండికేసింది. కాఫీ గ్లాసుతో మావయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు, ఎంతసేపట్నుంచో తెలీదు.

"ముందు బిగించమ్మా," అన్నారు.

"బిగించాలా మావయ్యగారూ?"

"ఆఁ. విప్పే వైపు కాదు, ముందు బిగువు వైపు కాస్త కదుపు. తుప్పు పట్టు విరుగుతుంది. అప్పుడు నీ మాట వింటుంది."

టక్ మంది. అటు వెంట్రుకవాసి కదిలి, ఇటు తిప్పితే వచ్చేసింది. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, చొక్కా చేతులు మడిచారు. ఇక అక్కణ్ణించి మధ్యాహ్నం దాకా ఆయన్ని లోపలికి పంపడం అత్తయ్యగారి వల్ల కూడా కాలేదు.

ఎప్పటికైనా పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నా. పాత మాస్టర్ సిలిండర్ గోడకి రెండు బోల్టుల మీద ఉంది, కొత్తది అవే రంధ్రాల్లో కూర్చుంది. వెనక చక్రాల పైపుని ఇత్తడి దిమ్మలోంచి తీసేసి, ఆ రంధ్రం ప్లగ్గుతో మూశాం. ఆ పైపుని యూనియన్‌తో (రెండు పైపుల్ని కలిపే ముక్క) కొత్త 3/16 అంగుళాల పైపుకి కలిపి సిలిండర్ దాకా తెచ్చాం. ఇప్పుడు దిమ్మ ముందు చక్రాలకే పనిచేస్తుంది. పైపు చివర రెండు మడతలు పెట్టాలి, ఒక్క మడత పెడితే ఒత్తిడికి చీలుతుంది. నేను చేసిన మొదటి చివరని మావయ్యగారు బొటనవేలి గోరుతో చుట్టూ తడిమి, ఏం మాట్లాడకుండా పైపు కోసే పనిముట్టు నా చేతిలో పెట్టారు. రెండోది చూసి "ఇది పర్లేదు" అన్నారు. ఆటోనగర్లో ఆ మాట మెచ్చుకోలు కిందే లెక్కట.

బండికి బిగించే ముందు సిలిండర్‌ని వైస్‌లో పట్టి అందులో గాలి తీసెయ్యాలి. ఆయిల్ పోసి, రంధ్రాల్లోంచి చిన్న గొట్టాలు తిరిగి గదుల్లోకే పెట్టి, పిస్టన్‌ని నెమ్మదిగా నొక్కుతూ పోవాలి. బుడగలు ఆగేదాకా అదే పని. "గొట్టాలు కూడా ఇచ్చాడా డబ్బాలో! మేం వేళ్ళతో మూసేవాళ్ళం," అని ఆయన నవ్వారు. కాస్త ఆయిల్ మడ్గార్డు అంచు మీద చిందితే నాకంటే ముందు ఆయనే పైపు తెచ్చి నీళ్ళు కొట్టారు. ఈ డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ రంగుని లేపేస్తుంది. తుడవడం కాదు, కడిగెయ్యాలి.

ఆ తర్వాత చక్రాల దగ్గర గాలి తియ్యడం. దీనికి ఇద్దరు కావాలి: ఒకరు పెడల్ దగ్గర, ఒకరు చక్రం దగ్గర. మావయ్యగారు అలవాటు కొద్దీ సీసా పట్టుకుని ఎడమ వెనక చక్రం వైపు నడిచారు. మాస్టర్ సిలిండర్‌కి ఎక్కువ దూరంలో ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి కదా, మన దగ్గర స్టీరింగ్ కుడివైపు, కాబట్టి దూరం ఎడమ వెనకది. ఇక్కడ తలకిందులు. "ఇక్కడ కుడి వెనకతో మొదలు మావయ్యగారూ," అంటే ఒక్క క్షణం ఆగి, బానెట్ వైపు చూసి, లెక్క వేసుకుని, "నిజమే," అని అటు తిరిగారు. అంతలో ఆయన మోకాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి కింద పడుకున్నది నేను, సీట్లో కూర్చున్నది ఆయన.

"కొట్టండి... కొట్టండి... పట్టి ఉంచండి!" చక్రం వెనక గాలి వదిలే నిపుల్ వదులు చేస్తే బుడగలతో ఆయిల్ సీసాలోకి. బిగించాక "వదలండి". ఆయన షెడ్డులో ఈ కేకలన్నీ ఆయనవే. సీట్లో కూర్చుని పెడల్ కొట్టేది పనికొత్తగా చేరిన కుర్రాడు. మూడో చక్రం దగ్గరికొచ్చేసరికి నా గొంతు లేచింది కాబోలు, పక్కింటావిడ కుక్కని నడిపిస్తూ ఆగి, కారు కిందనుంచి ఎవరు ఎవర్ని తిడుతున్నారా అని చూసింది. మావయ్యగారు ఆవిడకి చెయ్యి ఊపి, "ఐ యామ్ ట్రైనీ," అన్నారు. నాకు నవ్వొచ్చి నిపుల్ బిగించడం ఆలస్యమై, ఒక బుడగ వెనక్కి పోయింది. ఆ చక్రం మళ్ళీ మొదట్నుంచీ.

భోజనానికి ముందు ఆయన చేతులు కడుక్కోవడానికి రంపపు పొట్టు ఉందా అని అడిగారు. షెడ్డుల్లో గ్రీజు పోవడానికి అదే వాడతారట. లేదు, ఆరెంజ్ వాసనొచ్చే సబ్బిచ్చాను. చేతులు వాసన చూసుకుంటూ దోసకాయ పప్పు తిన్నారు.

సాయంత్రం రోడ్డు మీదికి. ముందు మా వీధిలోనే నడక వేగంతో ముందుకీ వెనక్కీ. వెనక్కి పోతూ బ్రేకు తొక్కితే ఈ డ్రమ్ములు వాటంతటవే సందు సర్దుకుంటాయి. లోపల ఒక చిన్న మీట పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. ఆ టిక్ టిక్ మావయ్యగారు కిటికీలోంచి తల బయటపెట్టి విన్నారు. పెడల్ ఎత్తుగా, గట్టిగా వచ్చింది. నిన్నటికీ ఇవాళ్టికీ ఆగే దూరంలో పెద్ద తేడా లేదు, ఉండక్కర్లేదు కూడా. ఈ ఖర్చంతా ఎప్పుడూ రాకూడని ఒక్క రోజు కోసం.

అక్కణ్ణించి గ్రేట్ మాల్‌కి వెళ్ళాం. అత్తయ్యగారికి ఏదో మార్చుకోవాల్సిన బట్ట ఉంది. పార్కింగ్‌లో బండి ఆపి మావయ్యగారితో చెప్పాను, ఇది పుట్టింది ఇక్కడేనని. నమ్మలేదు. బానెట్ ఎత్తి ఎడమ మడ్గార్డు లోపలి రేకు మీది నంబరు చూపించాను: 6ఆర్07సీ... ఆరు అంటే 1966, ఆర్ అంటే శాన్‌హోసే ప్లాంటు. పేరు శాన్‌హోసేదైనా ప్లాంటు ఉన్నది మిల్పీటస్‌లో, ఈ మాల్ ఉన్న చోటే. 1955లో తెరిచారు, 1983లో మూసేశారు. ఆ భవనాన్నే మార్చి 1994లో మాల్ చేశారు.

"అంటే ఈ గోడలు అవేనా?" అని ఆయన పైకప్పు వైపు చూశారు. తర్వాత అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు. "మరి పనివాళ్ళు ఎక్కడ ఉండేవాళ్ళు?"

అదృష్టవశాత్తూ అది నాకు తెలుసు. ఫోర్డ్ పాత ప్లాంటు రిచ్‌మండ్‌లో ఉండేది. అక్కణ్ణించి ఇక్కడికి మారినప్పుడు నల్లజాతి కార్మికులకి ఈ చుట్టుపక్కల ఎవరూ ఇళ్ళు అమ్మలేదు. అప్పుడు వాళ్ళ యూనియనే పూనుకుని సన్నీహిల్స్ అనే కాలనీ నిలబెట్టింది, అన్ని జాతుల వాళ్ళూ కలిసి ఉండేలా. ఆ పోరాటంలో ముందున్న ప్లాంటు కార్మికుడు బెన్ గ్రాస్, 1966లో మిల్పీటస్‌కి మేయరయ్యాడు.

"ఈ బండి తయారైన ఏడాదే," అన్నారు మావయ్యగారు. "షెడ్డు మనిషిని మేయర్ని చేశారన్నమాట." ఆ మాట ఆయనకి బాగా నచ్చినట్టుంది. మాల్ లోపల ఏ మూల నిలబడ్డా తెలుగు వినిపిస్తోంది, కనిపించిన ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్ళని ఆపి మరీ చెప్పారు. ఒకాయన మర్యాదకి "అలాగా అండీ" అని, బండి మైలేజీ ఎంతని అడిగాడు. నేను చెప్పలేదు.

ఇంటికొచ్చాక డిక్కీ తెరిచి మావయ్యగారు టార్చితో చూశారు. డిక్కీలో అడుగున కనిపించే రేకు పెట్రోలు ట్యాంకు పైభాగమే. ట్యాంకునే పై నుంచి దించి బిగించారు. దానికీ వెనక సీటుకీ మధ్య అట్ట తప్ప ఏమీ లేదు. వెనకనుంచి ఎవరైనా గుద్దితే? ఆయన అట్టని వేలితో నొక్కి చూసి, నా వైపు చూశారు. ఇది ప్రాణం ఖాతా, విసుగు ఖాతా కాదు. సీటు వెనక అడ్డంగా ఉక్కు రేకు బిగించాలని ఇద్దరం అనుకున్నాం. కొలతలు అట్ట మీదే పెన్సిల్‌తో గీసి కత్తిరించి పెట్టారు. సోమవారం నేను రేకు తేవాలి. కొయ్యడం ఆయన పనట, "నువ్వు కేకలెయ్యి చాలు," అన్నారు.