చివరి మూడు దీపాలు

పదకొండున్నర దాటింది. అందరూ పడుకున్నారు. చేపల తొట్టి లైటు ఆర్పేశాక కూడా కుడి చివర వెలగని ఆ మూడు ఎల్‌ఈడీలే కళ్ల ముందు ఆడుతున్నాయి.

సాయంత్రం బావమరిది వచ్చాడు. కాఫీ గ్లాసు పట్టుకుని తొట్టి ముందు నిలబడి, "బావా, ఆన్‌లైన్‌లో రెడీమేడ్ లైటు దొరుకుతుంది కదా, ఈ అతుకులన్నీ ఎందుకు?" అన్నాడు. మామూలుగా అయితే పట్టించుకోను. కానీ పాప అక్కడే ఉంది. నెల రోజుల కిందట రెండు ఆదివారాలు నా పక్కన కూర్చుని ఎల్‌ఈడీ స్ట్రిప్‌ను, దాని మీద కత్తిరించడానికి వేసిన గుర్తు దగ్గర, కత్తిరించింది అదే. వాడు వెళ్లాక "మన లైటు పాడైపోయిందా నాన్నా?" అని అడిగింది. అప్పటినుంచి మనసు మనసులో లేదు.

పాడైపోలేదు. రెండడుగుల తొట్టికి 55 సెంటీమీటర్ల వరసలు రెండు, వరసకు 66 చొప్పున 132 ఎల్‌ఈడీలు. ఆరింది మూడే. 12 వోల్టుల స్ట్రిప్‌లో మూడేసి ఎల్‌ఈడీలు ఒక రెసిస్టర్‌తో కలిసి ఒక జట్టు. జట్టులో ఒకటి పోతే మూడూ ఆరతాయి, పక్క జట్టుకు ఏమీ కాదు. ఇదంతా వాడికి అప్పుడే చెప్పాల్సింది. చెప్పకుండా "స్ట్రిప్ నాసిరకంది ఇచ్చారు" అనేసి ఊరుకున్నాను.

నాయన ఉంటే ముందు ఏ బల్బో కనుక్కోమనేవాడు. తిరుపతి కొర్లగుంటలో ఉన్నప్పుడు వినాయక చవితి పందిరికి సీరియల్ సెట్టు ఆయనే కట్టేవాడు. ఆరు వోల్టుల టార్చి బల్బులు 40, ఒకదాని వెనక ఒకటి. అన్నీ కలిస్తేనే ఇంటి కరెంటుకు తట్టుకునేవి. అందులో ఒక్కటి పోయినా పందిరంతా చీకటే. అప్పుడు ప్లగ్గు తీసి, చిన్న తీగ ముక్కతో ఒక బల్బును దాటించి, మళ్లీ ప్లగ్గు పెట్టి చూసేవాడు. వెలగకపోతే ప్లగ్గు తీసి తరువాతి బల్బు. ప్లగ్గు దగ్గర కూర్చోవడం నా పని. "తియ్యి" అంటే తీయాలి, "పెట్టు" అంటే పెట్టాలి, మధ్యలో దిక్కులు చూడకూడదు. ఒకసారి 31వ బల్బు దాకా వెళ్లాం. వీధిలో వాళ్లు కొత్త సెట్టు కొనుక్కొద్దామన్నారు. నాయన తల కూడా ఎత్తలేదు. వెలిగాక అందరూ చప్పట్లు కొట్టారు గానీ, ఆయన మాత్రం చెయ్యి తుడుచుకుని నా వైపు చూసి తల ఊపాడు.

ఆ పద్ధతి నీళ్ల దగ్గర పనికిరాదు. అందుకే 12 వోల్టులు పెట్టుకున్నాను. అడాప్టరు గోడకు పైన ఉంది. వైరును తొట్టికి, ప్లగ్గుకు మధ్య కిందికి వంపు తిప్పాను. తడి జారినా ఆ వంపు దగ్గరే కిందికి కారిపోతుంది.

పది గంటలకు లేచి అడాప్టరు ప్లగ్గు తీసి, స్ట్రిప్ ఉన్న అల్యూమినియం చానల్ దించి చూశాను. కత్తిరించిన చివర రాగి పచ్చబడిపోయింది. నేను పూసిన సిలికాన్ గమ్ము కిందే. తొట్టి అద్దాలు అతికించగా మిగిలిన ట్యూబు అది. ఆరేటప్పుడు పుల్లటి వాసన వస్తుంది చూడండి, అదే. ఆ ఆమ్లం అద్దానికి ఏమీ చేయదు, రాగిని తినేస్తుంది. వైర్లకు న్యూట్రల్ అని రాసిన రకం కొనాలని తెలుసు. ఆ ఆదివారం షాపు మూసి ఉంది, పాప తొందరపడుతోంది, ఇంట్లో ఉన్నదే పూసేశాను.

స్ట్రిప్ మంచిదే. తప్పు నాది. వాడు అతుకుల గురించి అన్నప్పుడు అంత మంట ఎందుకు పుట్టిందో ఇప్పుడు తెలుస్తోంది. ఆ చివర అతుకు సరిగ్గా లేదని నాకెక్కడో తెలుసు.

రేపు ఆ చివరి రెండున్నర సెంటీమీటర్లు కోసేస్తే చాలు. కత్తెర పాపకే ఇస్తాను. గప్పీ చేపలకు తేడా తెలియదు, తొట్టిలోని వాలిస్నేరియా మొక్క కొత్త ఆకు వేసింది కూడా.

ఇందాక మేడ మీదికి వెళ్లొచ్చాను. కొండ మీద గాలిగోపురం దగ్గర నామం దీపాలు వెలుగుతున్నాయి. అక్కడ నిలబడే బావమరిదికి మెసేజ్ పెట్టాను: "స్ట్రిప్ తప్పు కాదు, నేను పూసిన గమ్ము తప్పు. రేపు పాప బాగు చేస్తుంది, వచ్చి చూడు."

ఇంకా చూడలేదు వాడు.