రెండు ముందు భాగాల కారు: వెనక సస్పెన్షన్ కుదిరింది

1946లో ఇంగ్లండ్‌లో చార్లెస్ కూపర్, ఆయన కొడుకు జాన్ తమ గ్యారేజీలో కట్టిన 500 సీసీ రేసు కారుకు వెనక భాగమంటూ వేరే లేదు. ఫియాట్ టోపొలినో ముందు భాగాలు రెండు తెచ్చి, వీపూ వీపూ ఆనించి అతికారు. మోటార్‌సైకిల్ చైను నేరుగా వెనక చక్రాలకు అందాలని జాప్ కంపెనీ మోటార్‌సైకిల్ ఇంజన్‌ను డ్రైవరు వెనక పెట్టారు. 1959, 1960లలో రేసు డ్రైవరు జాక్ బ్రాబమ్ ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్ అయింది ఇంజన్ వెనకున్న కూపర్ కార్లతోనే.

అనంతపురంలో నేను కడుతున్న కారుకు మారుతి 800 ముందు భాగాలు, బుల్లెట్ 350 ఇంజన్. మారుతి ముందు చక్రాలతో లాగే బండి కాబట్టి, ఆ హబ్‌లు (చక్రాలు బిగించే నడిమి భాగాలు) వెనక పెట్టినా డ్రైవ్ షాఫ్ట్‌కు దారి సిద్ధంగా ఉంటుంది.

స్ట్రట్‌లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన నిలువు కాళ్లు) తీసేసి పైన అడ్డంగా ఓమ్నీ కమాన్ కట్ట వేశాం. స్ప్రింగూ అదే, పై ఆర్మూ అదే. కూపర్ల కారులోనూ ఇదే అమరిక; వాళ్ల అసలు తెలివి నాకు ఇక్కడే కనిపిస్తుంది. స్ట్రట్ బోల్టులుండే రెండు రంధ్రాలకే 10 ఎంఎం ప్లేటు బిగించి, కట్ట చెవిని బుష్‌తో దానికి తగిలించాం. నడుమ యూ బోల్టులు వేస్తుంటే మేస్త్రీ చెప్పినాడు: "కట్టకు వెల్డింగ్ మాత్రం తగలనీయొద్దు నాయనా, పదును పోయి ఆడికే ఇరుగుతాది." అందుకే అన్నీ బోల్టులే.

స్టీరింగ్ ఆర్మ్‌లు వదిలేస్తే వెనక చక్రాలు కూడా పక్కకు తిరుగుతాయి. వాటిని మరలున్న రాడ్లతో చాసిస్‌కు కట్టేశాం. రెండు పక్కలా దారం లాగి, టైర్ల ముందు అంచుల మధ్య దూరం వెనక అంచుల కంటే 3 ఎంఎం తక్కువ ఉండేలా సర్ది లాక్‌నట్లు బిగించాను.

మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు, కూపర్ల కారుకూ లేదు. శెనక్కాయల మిషన్లకు వాడే బేరింగ్ బ్లాకుల మీద పొట్టి షాఫ్ట్, దానికి చైను స్ప్రాకెట్. మలుపులో లోపలి చక్రం నేలను రాస్తుంది గానీ, తిప్పేది మా చేనులోనే కాబట్టి మట్టి మీద పర్వాలేదు. బుల్లెట్ చక్రం ఒక చుట్టుకు సుమారు 2 మీటర్లు పోతే, మారుతి 12 అంగుళాల చక్రం 1.6 మీటర్లే పోతుంది. స్ప్రాకెట్లు మార్చకుండానే లాగుడు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. ఈ బరువుకు అదే మంచిది.

ఇక మిగిలింది గాలి. సీటు చాటునున్న సిలిండర్ మా ఎండల్లో తొందరగా కాగిపోతుంది. పక్క నుంచి రేకు గొట్టం వేసి రెక్కల మీదికి గాలి మళ్లించాకే స్టార్ట్ చేస్తాను.